లెఫ్ట్ కార్నర్ ఎవరిది

కబడ్డీ పిల్లలకు స్నేహభావం నేర్పుతుందని మైకు దొరికిన ప్రతివాడూ చెబుతాడు. అలా చెప్పేవాళ్ళలో మోకాలు చెక్కుకుపోయినవాడు నాకు ఒక్కడూ కనబడలేదు. నాకు తెలిసిన కబడ్డీ కొట్టుకునే ఆట. ఒకతి ఊపిరి బిగబట్టి, కూత పెట్టుకుంటూ అవతలివాళ్ళ ఇంట్లోకి జొరబడుతుంది. ఆ ఇంటివాళ్ళు ఆమె కాళ్ళు పట్టి, నడుము పట్టి నేలకేసి కొడతారు. ఊపిరి ఆగేలోపు ఈడ్చుకుంటూ వచ్చి మధ్య గీత ముట్టుకుంటే బతికినట్టు, లేదంటే చచ్చినట్టు. డిగ్రీ చదివే రోజుల్లో ఖమ్మంలో నేనూ ఆడాను. నా ముక్కు దూలం కొంచెం ఎడమకు ఒరిగి ఉంటుంది. ఎవరైనా అడిగితే ఏ కాలేజీ పిల్ల మోకాలు తగిలి అలా అయిందో వివరంగా చెబుతాను. ఆ పిల్ల మీద నాకు కోపం లేదు. గట్టిగా తన్నింది, అంతే.

భద్రాచలం రోడ్డు మీద ఉన్న మా ఊళ్ళో నేను జూనియర్ కాలేజీలో ఎకనామిక్స్ చెబుతాను. సాయంత్రాలు హైస్కూలు వెనక గ్రౌండులో ఆడపిల్లలకు కబడ్డీ క్లబ్బు నడుపుతాను. క్లబ్బు అంటే బోర్డూ ఆఫీసూ ఉన్నాయనుకోవద్దు. సున్నం గీతలు, ఒక విజిలు, నా నోరు. ఫీజు లేదు. పాల్వంచలో షిఫ్టు డ్యూటీలు చేసేవాళ్ళ పిల్లలు, కిరాణా కొట్లవాళ్ళ పిల్లలు, పామాయిల్ తోటలున్న ఆసాముల పిల్లలు అందరూ వచ్చేవాళ్ళు. అందరికీ ఒకే మట్టి, ఒకే తిట్లు.

క్లబ్బులో అందరికంటే మంచి రైడర్ ఒక ఆసామి కూతురు. కోస్తా నుంచి వచ్చి ఇక్కడ భూములు కొని, తర్వాత ట్రాక్టర్ల షోరూమ్ పెట్టిన కుటుంబం. పదో తరగతి. పొడుగు కాళ్ళు, పొగరు చూపు. ఆ పిల్ల కూతకు వెళ్తే ఎవరో ఒకరిని ముట్టుకోకుండా తిరిగి రాదు. వాళ్ళ నాన్న మా క్లబ్బుకు తనను తానే ప్రెసిడెంటుగా వేసుకున్నాడు. అరటిపళ్ళు, గ్లూకోజు ప్యాకెట్లు పంపిస్తాడు కదా అని నేనూ ఊరుకున్నాను.

ఒక సాయంత్రం గ్రౌండు కంచె అవతల ఒక పిల్ల నిలబడి ఆట చూస్తోంది. జామాయిల్ కర్రల యార్డు దగ్గర గుడారాలు వేసుకుని తొక్క వలిచే పనికి వచ్చినవాళ్ళ పిల్ల అని బట్టలు చూస్తేనే తెలుస్తోంది. మావాళ్ళు పిలిచారు, పలకలేదు. వెక్కిరించారు, పలకలేదు. జామాయిల్ కాయలు ఏరి విసిరారు. అప్పుడూ కదలలేదు. రైడర్ పిల్లకు అహం దెబ్బతింది, రాయి అందుకుంది. నేను "ఏయ్" అనేలోపే ఆ రాయి కనుబొమ్మకు తగిలింది.

ఆ పిల్ల ఏడవలేదు. కంచె తీగల మధ్యనుంచి దూరి, కంట్లోకి కారుతున్న రక్తంతోనే నేరుగా వచ్చి, వంగి, రైడర్ పిల్ల మడమ పట్టుకుంది. ఒక్క చేత్తో. రైడర్ పిల్ల గింజుకుంది, రెండో కాలితో తన్నింది, జుట్టు పట్టి గుంజింది. మడమ రాలేదు. ఆ పిల్ల వెనక్కి వెనక్కి నడుస్తూ మా హీరోయిన్‌ను గ్రౌండంతా ఈడ్చింది. నేను విడిపించడానికి పరుగెత్తానుగానీ, నిజం చెప్పాలంటే, నా కళ్ళు ఆ పట్టు మీదనుంచి కదలలేదు. మూడేళ్ళుగా నేర్పుతున్నా నా పిల్లల్లో ఒక్కదానికీ రాని మడమ పట్టు అది.

దవాఖానాలో కుట్లు వేయించి గుడారాల దగ్గరికి తీసుకెళ్ళాక వాళ్ళమ్మ చెప్పింది. వాళ్ళది అడవి లోపలి కోయ గూడెం. ఇంట్లో కోయ మాట, పనిదగ్గర తెలుగు.

"దానికి చెవుల్లేవు మేడం. మాట గూడ లేదు. బడికి పంపిస్తె ఎనక్కి పంపిండ్రు. ఎవలు కొట్టిండ్రు దీన్ని?"

"మా పిల్లనే కొట్టింది. ఇది గూడ దాన్ని మస్తుగ ఈడ్చింది. రేపటి సంది ఆటకు పంపు."

వాళ్ళమ్మ నాకేమైనా పిచ్చా అన్నట్టు చూసింది. "ఆట్నా?" అంది.

అడవిలో, గూడెంలో, బడిలో ఎక్కడా ఎవరూ ఆ పిల్లను ఆటలో కలుపుకోలేదని అప్పుడు అర్థమైంది. చెప్పింది వినదు, పిలిస్తే పలకదు, తంపులు తెస్తుందని పక్కన కూర్చోబెట్టేవాళ్ళు. మర్నాడు నేనే వెళ్ళి చెయ్యి పట్టుకుని తీసుకొచ్చాను. పట్టేవాళ్ళ వరసలో ఎడమ కొసన, లెఫ్ట్ కార్నర్‌లో నిలబెట్టాను.

ప్రెసిడెంటుగారికి కబురు అందింది. కారు దిగి, ముఖం మీద నవ్వు అతికించుకుని వచ్చాడు.

"మేడంగారూ, మాకూ మనసుందండీ. పాపం పిల్ల. నీళ్ళందించమనండి, స్కోరు బోర్డు తిప్పమనండి. గ్రూప్ ఫొటోలో ముందు వరసలో కూర్చోబెడదాం, మంచి పేరొస్తుంది. ఆట మాత్రం వద్దండీ."

"ఫొటోకు పనికొచ్చే పిల్ల ఆటకెందుకు పనికి రాదు సార్?"

"కూత పెట్టలేదు కదండీ. కబడ్డీ అంటేనే కూత."

"కూత పెట్టేది కూతకు పోయేటోళ్ళు. పట్టేటోళ్ళకు నోరెందుకు? మీ దిక్కు నోటితోని పడతరా సార్ మనుషుల్ని?"

నవ్వు ఊడిపోయింది. "మీతో వాదించలేమండీ" అని కారెక్కాడు. చాలామంది మగవాళ్ళు నాతో మాట్లాడటం ముగించే మాట అది. నేను దాన్ని గెలుపుగానే లెక్కేసుకుంటాను.

కానీ మా పిల్లల సంగతి ప్రెసిడెంటు కంటే కష్టమైంది. మొదట రాళ్ళేసినవాళ్ళు ఇప్పుడు జాలి మొదలుపెట్టారు. కూతకు వచ్చిన ప్రతి పిల్లా లెఫ్ట్ కార్నర్ వైపు చూడకుండా కుడివైపుకే వెళ్ళేది. పొరపాటున ఎదురైతే ముద్దుగా చేత్తో ముట్టుకుని "ఔట్" అని నవ్వేది. పట్టుకోబోతే మెత్తగా పడిపోయేది. రోజుల తరబడి ఆ పిల్ల గుంజలాగా నిలబడి ఉండేది. ఆమెకు చెవులు లేవుగానీ కళ్ళున్నాయి. వీళ్ళు ఆడటం లేదని తెలుస్తోంది. రాయి తగిలినప్పుడు లేని నీళ్ళు అప్పుడు ఆ కళ్ళలో చూశాను.

ఆ జాలిని తెంపింది రైడర్ పిల్లే. పరుగెత్తుకుంటూ లెఫ్ట్ కార్నర్‌లోకి వచ్చి, కాలెత్తి, ఆ పిల్ల రొమ్ము మీద తన్నింది. ఆ పిల్ల ఎగిరి వెల్లకిలా పడింది. ఊపిరి అందక నోరు తెరుచుకుని కాసేపు అలాగే ఉంది. తర్వాత లేచి కూర్చుని, నోట్లో మట్టి ఉమ్మి, గొంతులోంచి ఒక శబ్దం చేసింది. అది నవ్వేనని తెలియడానికి మాకు కొంచెం సేపు పట్టింది.

"ఏందే, గంత గట్టిగ తన్నినవ్?" అంది కార్నర్ పక్క చోటైన కవర్‌లో ఆడే పిల్ల.

"మరి? ఊరికే నిలబడి నా మొహం చూస్తుంటే నాకు చిరాకు" అంది రైడర్ పిల్ల.

నా లెక్కలో ఆ పిల్ల మా క్లబ్బులో చేరింది ఆ సాయంత్రమే. అంతకుముందు వచ్చి నిలబడింది, అంతే. వికలాంగుల దినాలకు నన్ను మాట్లాడమని పిలిచినప్పుడు ఈ మాటే చెబుతాను: కలుపుకోవడమంటే దెబ్బ తినే హక్కు ఇవ్వడం, దెబ్బ కొట్టే హక్కు ఇవ్వడం. రెండోసారి నన్ను పిలవరు.

ఇక మిగిలింది విజిల్. కూత ఆగగానే విజిల్ పడుతుంది, పట్టినవాళ్ళు వదిలెయ్యాలి. ఆ పిల్లకు వినపడదు. దానికి ఉపాయం కనిపెట్టింది కవర్ పిల్ల. బస్టాండు దగ్గర బైకుల మెకానిక్ కూతురు. ఊళ్ళో పాతకాపులైన ముస్లిం కుటుంబం. చున్నీ నడుముకు బిగించి దిగిందంటే ఎద్దులాగా నిలబడుతుంది. కార్నర్, కవర్ ఆటలో ఎప్పుడూ చెయ్యి చెయ్యి పట్టుకునే ఉంటారు.

"మేడం, విజిల్ పడంగనే నేను దాని వీపు మీద రెండు సరుస్త. రెండు పడితె ఇడ్వాలె. జల్దీ అర్థమైతది."

అర్థమైంది. చెయ్యి నొక్కితే దూకాలి, వీపు మీద రెండు చరుపులు పడితే వదలాలి. అయితే మా పిల్లలు తక్కువవాళ్ళా! అవతలి జట్టులో ఔటైనవాళ్ళు వెనకనుంచి వచ్చి చరిచి మోసం చెయ్యడం మొదలుపెట్టారు. వదిలేయగానే పకపకా నవ్వేవాళ్ళు. అందుకని ఆ పిల్లకు గట్టిగా నేర్పాం: కవర్ పిల్ల చెయ్యి తగిలితే తప్ప వదలొద్దు. ఎవరు కొట్టినా, గిల్లినా, జుట్టు గుంజినా వదలొద్దు. ఆ ఒక్క చెయ్యి ఎలా పడుతుందో ఆమె వీపుకు తెలిసిపోయింది. మేం వెనకనుంచి ఎన్నిసార్లు పరీక్షించినా మోసపోలేదు. ఆ క్లబ్బులో అంత నిఖార్సయిన పద్ధతి ఇంకొకటి లేదు. ఇప్పటికీ అదే మాట అంటాను.

ఎండాకాలం ముందు ప్రెసిడెంటుగారు క్లబ్బుకు కొత్త మ్యాట్లు తెప్పించాడు. నీలం, పసుపు రంగులు. ఆదివారం పొద్దున ప్రారంభోత్సవం అన్నాడు. కుర్చీలు, షామియానా, ఫొటోగ్రాఫరు. మా పిల్లలే రెండు జట్లుగా ఆడాలి. మూగమ్మాయిని బొకే ఇవ్వడానికి పెట్టమని కబురు పంపాడు. బొకే వేరే పిల్ల చేతికిచ్చి, ఆ పిల్లను లెఫ్ట్ కార్నర్‌లో నిలబెట్టాను. వాళ్ళమ్మ పని మానుకుని వచ్చి, షామియానా బయట ఎండలో గొంతుక్కూర్చుంది.

ఆట మంచి ఊపులో ఉంది. రైడర్ పిల్ల కూతకు వచ్చింది. నాన్న చూస్తున్నాడు, ఫొటోగ్రాఫరు చూస్తున్నాడు. తిన్నగా లెఫ్ట్ కార్నర్‌లోకి దిగింది. కార్నర్ పిల్ల మడమ అందుకుంది. రైడర్ పిల్ల పడిపోతూ రెండో కాలు గాల్లో విసిరింది. ఆ మడమ కవర్ పిల్ల నోటికి తగిలింది. పెదవి చీలిపోయి, ముందుపన్ను మ్యాట్ మీద పడింది. కవర్ పిల్ల రెండు చేతులతో నోరు పట్టుకుని ముడుచుకుపోయింది.

రైడర్ పిల్ల బోర్లా పాకుతోంది. కార్నర్ పిల్ల కాలిమీదుగా ఎగబాకి నడుము పట్టుకుంది. కూత ఆగింది. నేను విజిల్ ఊదాను.

వదలలేదు. ఎలా వదులుతుంది? చరచాల్సిన చెయ్యి రక్తం పట్టుకుని ఉంది.

"ఇడువే! విజిల్ పడ్డది, ఇడువు!" అని పిల్లలు అరుస్తున్నారు. నలుగురు మీదపడి ఆమె వేళ్ళు విప్పుతున్నారు, వీపు మీద గుద్దుతున్నారు. ఆమెకు అదంతా పాత మోసమే. కళ్ళు మూసుకుని ఇంకా బిగించింది. రైడర్ పిల్ల "మేడం, చచ్చిపోతున్నా" అని కేక పెట్టింది. ఊపిరి అందక పెట్టిన కేక. ఎముక విరిగిన కేక కాదు. ఆ తేడా నాకు తెలుసు.

అప్పుడు ప్రెసిడెంటుగారు వచ్చాడు. బూట్లతో కొత్త మ్యాట్ తొక్కుకుంటూ వచ్చాడు. ముందు ఆ పిల్ల జుట్టు పట్టి తల వెనక్కి లాగాడు. చెంప మీద కొట్టాడు. ముక్కులోంచి రక్తం వచ్చింది. వదలలేదు. "వదలవే, అడవి ముండా, వదులు!" అంటూ తన్నాడు. పక్కటెముకల మీద ఒకటి. నడుము మీద ఒకటి. ప్రతి తన్నుకూ ఆ పిల్ల ఇంకా దగ్గరగా ముడుచుకుని రైడర్ పిల్ల వీపుకు అతుక్కుపోయింది. తర్వాతి తన్నుకు కాలు గురి తప్పింది. బూటు మొన కూతురి భుజం మీద పడింది. ఎండుకట్టె విరిచినట్టు చప్పుడు వచ్చింది. రైడర్ పిల్ల అరవడం మానేసింది.

ఆయన మళ్ళీ కాలెత్తాడు.

నాకు నలభై ఏడేళ్ళు. మోకాళ్ళు అరిగాయి, చీరలో ఉన్నాను. వంగి, నేలమీదున్న ఆయన కాలి మడమ పట్టి గుంజాను. అంత లావు మనిషి మొహం మీద పడ్డాడు. కళ్ళద్దాలు పగిలి కనురెప్ప తెగింది. ఆయన బావమరిది వచ్చి నా డొక్కలో మోచేత్తో పొడిచాడు. నేను వాడి ముంజేతిని కొరికాను, నోట్లో ఉప్పు తగిలేదాకా. ఆ సందులోనే కవర్ పిల్ల రక్తం కారుతున్న నోటితో పాక్కుంటూ వచ్చి, కార్నర్ పిల్ల వీపు మీద రెండు చరిచింది.

చేతులు వెంటనే విడిపోయాయి. కార్నర్ పిల్ల లేచి కూర్చుని, ముక్కు తుడుచుకుని, పాయింటు వచ్చిందా అన్నట్టు నావైపు చూసింది.

రైడర్ పిల్లకు కాలర్ బోన్ విరిగింది. ఖమ్మం తీసుకెళ్ళి కట్టు కట్టించారు. కవర్ పిల్లకు పెదవి మీద కుట్లు పడ్డాయి. కార్నర్ పిల్లకు పక్కటెముకలు కమిలి, కూర్చుంటే లేవలేకపోయింది. ఆమెకు ఎక్స్‌రే తీయించాలన్న ఆలోచన నాకు తప్ప ఎవరికీ రాలేదు. ఊరంతా ఒకే మాట: మూగది ఆసామి బిడ్డ ఎముక విరగ్గొట్టింది.

మూడో రోజు సాయంత్రం స్కూలు వరండా ముందు పంచాయితీ పెట్టారు. పిల్లల తల్లిదండ్రులు, షోరూమ్ మనుషులు వచ్చారు. ప్రెసిడెంటుగారు కనురెప్ప మీద ప్లాస్టర్‌తో కుర్చీలో కూర్చున్నాడు. కూతురు భుజానికి కట్టుతో కారుకు ఆనుకుని నిలబడింది. కార్నర్ పిల్లను, తల్లిని మధ్యలో నిలబెట్టారు. కవర్ పిల్లను వాళ్ళ నాన్న పంపలేదు.

"నేను పెద్ద మాటలు మాట్లాడనండీ" అన్నాడు ప్రెసిడెంటు. "ఆ పిల్ల రేపటినుంచి గ్రౌండులో కాలు పెట్టకూడదు. అందరి ముందు మాటివ్వాలి. లేదంటే పోలీసు కేసు. యార్డులో తల్లి పని కూడా ఎలా ఉంటుందో చూస్తాను. ఇలాంటివాళ్ళకు ఆటలు కాదండీ, గొలుసులు."

నేను లేచాను. "కేసు పెట్టండి సార్. నేనే వచ్చి సాక్ష్యం చెప్త. ఎముక ఇరిగింది మీ బూటుకు. విజిల్ పడ్డంక మ్యాట్ మీదికి వచ్చింది ఆ పిల్లనా, మీరా? చూసినోళ్ళు ఇంతమంది ఉన్నరు. చెప్పుండ్రి! నోళ్ళు పడిపోయినయా?"

అందరూ కాళ్ళవైపు చూసుకున్నారు. సగంమంది ట్రాక్టర్లు ఆయన దగ్గర కొన్నవే.

"మీరు ఆడవాళ్ళయిపోయారు కాబట్టి ఊరుకున్నాను" అన్నాడు ప్రెసిడెంటు.

"మొన్న ఊకున్నరా? మీ బామ్మర్దిని అడుగుండ్రి, చెయ్యి సూపిస్తడు."

ఎవరో నవ్వబోయి ఆపుకున్నారు. బావమరిది వచ్చి నా రెండు రెక్కలు వెనక్కి విరిచి పట్టుకున్నాడు. ఈసారి నోటికి అందకుండా.

తల్లికి మా మాటలు సగమే అర్థమయ్యాయి. పోలీసు అన్న మాట మాత్రం పూర్తిగా అర్థమైంది. అడవిలో ఆ మాటకు ఏ అర్థముందో షామియానాల్లో కూర్చునేవాళ్ళకు తెలియదు. ఆమె వరండా పక్కన పడి ఉన్న జామాయిల్ కర్ర తీసుకుంది. కూతురి వైపు తిరిగి కొట్టడం మొదలుపెట్టింది. వీపు మీద, తొడల మీద, కమిలిన పక్కల మీద. కోయలో ఏదో అంటూ, ఏడుస్తూ, మధ్యమధ్య కుర్చీలవైపు చూస్తూ కొట్టింది. చాలా, ఇంకా కొట్టాలా అని అడుగుతున్న చూపు అది. ఆ పిల్ల చేతులు అడ్డం పెట్టుకుంది. కర్ర మోచేతి మీద పడి చర్మం లేచిపోయింది. ఒక్కరూ ఆపలేదు. ప్రెసిడెంటుగారు కాలు మీద కాలు వేసుకున్నాడు.

ఎన్నో దెబ్బకో ఆ పిల్ల చెయ్యి చాపి తల్లి మణికట్టు పట్టుకుంది.

కర్ర ఆగింది. తల్లి గుంజింది. రాలేదు. తల్లి చేతి గాజు పగిలి ఇద్దరి చేతులూ రక్తమయ్యాయి. తల్లి మోకాళ్ళ మీద కూలబడి కేకలు పెట్టింది.

"చూశారా! కన్నతల్లినే చంపేస్తోంది! చూశారా!" అన్నాడు ప్రెసిడెంటు లేచి. షోరూమ్ మనుషులు ఇద్దరు కుర్చీలెత్తుకుని ముందుకు వచ్చారు. నేను గింజుకుంటున్నాను, నా భుజాలు ఊడిపోతున్నాయి. నేను వెళ్ళి చరిచినా ఆమె వదలదని కూడా తెలుసు. ఆ కుర్చీ ఆ పిల్ల తలమీద పడితే ఏమవుతుందో అందరికీ తెలుసు.

వాళ్ళకంటే ముందు రైడర్ పిల్ల నడుచుకుంటూ వచ్చింది. కట్టులేని చేత్తో ఆ పిల్ల గడ్డం పట్టి తన మొహం వైపు తిప్పుకుంది. కళ్ళలోకి చూస్తూనే, చెయ్యి వెనక్కి పోనిచ్చి వీపు మీద రెండు చరిచింది. మెల్లగా, అంత దెబ్బతిన్న వీపు మీద ఎలా పడాలో అలా. కవర్ పిల్ల చెయ్యి కాదు అది. ఆ పిల్ల ఆ మొహంలోకి చాలాసేపు చూసింది. వేళ్ళు ఒక్కొక్కటే విప్పింది.

రైడర్ పిల్ల తండ్రి వైపు తిరిగింది.

"చంపేదే అయితే ఇన్ని దెబ్బలు తిని రెండు చరుపులకు వదులుద్దా డాడీ? నన్ను పట్టుకుంది ఇది. విరగ్గొట్టింది నువ్వు. బూటు నా కళ్ళముందే వచ్చింది."

ఆయన కూతుర్ని కొట్టాడు. కట్టు ఉన్న వైపు కాదు, రెండో వైపు చెంప మీద. పిల్ల తూలి కారు బానెట్ పట్టుకుంది. ఆ చప్పుడుకు కుర్చీలెత్తినవాళ్ళు కుర్చీలు దించేశారు. నా రెక్కలు వదులయ్యాయి. అంతసేపూ కోయ పిల్లను కొడుతుంటే చూసినవాళ్ళు, ఆసామి పిల్ల చెంప మీద పడ్డ ఒక్క దెబ్బకు "అయ్యో, అయ్యో" అంటూ లేచారు. ఈ ఊరికి ఎవరి ఒంటిమీద పడితే దెబ్బ అవుతుందో ఆ రోజు కళ్ళారా చూశాను.

కేసు లేదు. యార్డు జోలికి కూడా ఆయన వెళ్ళలేదు. కూతురు అదే మాట స్టేషన్‌లోనూ చెబుతుందని భయం. రెండు రోజుల్లో మనుషుల్ని పంపి మ్యాట్లు చుట్టబెట్టి తీసుకుపోయాడు. రైడర్ పిల్లను ఖమ్మంలో హాస్టల్లో వేశాడు. ఫోను కూడా ఇవ్వడం లేదట. చాలామంది తమ పిల్లల్ని మానిపించారు. "మీ నోటివల్ల మంచి రైడర్ పోయింది, మ్యాట్లు పోయినయి, ఒక్క పిల్ల కోసం ఇదంతా అవసరమా?" అని స్టాఫ్ రూములో అడిగారు. అవసరమే అన్నాను. ఏ ఒక్క పిల్ల పోతే నష్టం కాదో మీరే చెప్పండి, ఆ పిల్లను రేపే పంపించేస్తాను అన్నాను.

తల్లిని ఒప్పించడానికి నేను గుడారాల దగ్గరికి చాలాసార్లు తిరిగాను. చివరికి ఆమె కూతుర్నే ముందుకు తోసి, "దాన్నే అడుగు" అంది. ఆ పిల్ల లేచి నా ముందు నడిచింది.

కానీ వచ్చింది కార్నర్ కాదు, కార్నర్‌లో నిలబడ్డ ఒక భయం. మళ్ళీ మట్టిమీద ఆట మొదలుపెట్టాం. ఎవరైనా కూతకు వస్తే దూకేది, మడమ పట్టేది. పట్టిన మరుక్షణం వదిలేసేది. తన చేతుల్ని తనే చూసుకుని లంగాకు తుడుచుకునేది. చరుపు అవసరమే రావడం లేదు. నేను తిట్టాను. బతిమాలాను. వంగి నా మడమే చూపించి పట్టమన్నాను. పట్టింది, వదిలేసింది.

కుట్లు ఊడాక కవర్ పిల్ల వచ్చింది. పై పెదవి మీద పురుగులాంటి మచ్చ, ముందుపన్ను లేదు. వాళ్ళ నాన్నతో ఎంత యుద్ధం చేసిందో చెప్పలేదు. ముంజేతి మీద వేళ్ళ గుర్తులున్నాయి. కాసేపు ఆట చూసింది. కార్నర్ పిల్ల ఒక పట్టు పట్టి వదిలేయగానే వెళ్ళి దాని చెంప మీద ఛెళ్ళున కొట్టింది.

"నేను సరిచిన్నా? ఇడువమని నేను సరిచిన్నా నిన్ను? ఎవలు చెప్పిండ్రే ఇడువమని?" అని మొహంలో మొహం పెట్టి అరిచింది. ఒక్క ముక్కా వినపడదని తెలిసి కూడా అరిచింది. తర్వాత రెండు అరచేతులూ కార్నర్ పిల్ల కళ్ళముందు ఆడించి, చెయ్యి గట్టిగా పట్టుకుని నావైపు తిరిగింది. "పంపుండ్రి మేడం ఎవల్నన్న."

మిగిలినవాళ్ళలో గట్టిగా ఉన్న పిల్లను పంపాను. కుడివైపుకు తిరగబోయింది.

"అటెందుకే? లెఫ్ట్‌కు పో!" అన్నాను. "ముద్దు పెట్టుకుంటానికి పోతున్నవా? తన్ను!"

వెళ్ళింది. తన్నింది. కార్నర్ పిల్ల ఆ కాలు గాల్లోనే అందుకుని, మెలితిప్పి, నేలమీద పడేసి, మడమను పొట్టకు హత్తుకుని పడుకుంది. కూతకు వెళ్ళిన పిల్ల మట్టి గీరుతూ, ఉమ్ముతూ, మధ్య గీత వైపు చేతులు చాపుతోంది. మోకాలు చెక్కుకుపోయి మట్టి ఎర్రబడింది. "మేడం, విజిల్!" అన్నట్టు కన్నీళ్ళతో నన్ను చూస్తోంది. నోట్లో కూత మాత్రం ఇంకా ఆడుతోంది, సన్నగా, తెగేట్టుగా. కవర్ పిల్ల చెయ్యెత్తి నా మొహం వంక చూస్తోంది. కార్నర్ పిల్ల కళ్ళు మూసుకుంది, వేళ్ళు తెల్లబడేదాకా బిగించింది, వదలలేదు.

కూత ఇంకా ఉంది. నేను విజిల్ పళ్ళ మధ్య పెట్టుకుని నిలబడ్డాను.